ముప్పై ఒకటో నంబరు జవాబు

"ఆ ఎర్రసిరా చేత్తో పిండి ముట్టుకోకు తల్లీ, రొట్టెలు కూడా తప్పులేమో అనుకుంటారు తినేవాళ్ళు," అన్నారు అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆమె నవ్వి మళ్ళీ చెయ్యి కడుక్కుంది. చూపుడువేలి పక్కన, బొటనవేలి గోటి కింద ఇంకిన ఎరుపు ఎంత తోమినా పోదు. వీధిలో ఎవరైనా చూస్తే కూరలు తరుగుతూ వేలు కోసుకుందనుకుంటారు. ఆమె అవునన్నట్టు తలూపుతుంది. మాస్టారి భార్య వేలు తెగడంలో వింతేమీ లేదు. మాస్టారి కాగితాలు ఆయన భార్య దిద్దడంలోనే ఉంది వింత, అది బయటికి పొక్కకూడదు.

మాస్టారంటే ఆమె భర్తే. బళ్ళో ఏడో తరగతికి భాష చెబుతాడు. వీధి వీధంతా ఆయన్ని మాస్టారనే అంటుంది, కన్నతల్లి కూడా "మా మాస్టారు" అనే అంటారు, చివరికి ఆమె మనసులోనూ అదే పేరు స్థిరపడిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు షటిల్ ఆడుతూ ఆయన మణికట్టు బెణికించుకున్నాడు. "ఓ ఆరు కాగితాలు దిద్దిపెట్టవోయ్, డిగ్రీ చదివావు, ఎందుకైనా పనికిరావద్దూ," అన్నాడు. దిద్దిపెట్టింది. ఆ బెణుకు వారం తిరక్కుండానే షటిల్ విషయంలో తగ్గింది. కాగితాల విషయంలో మాత్రం పద్నాలుగేళ్ళయినా తగ్గలేదు. ఆరు కాగితాలు నలభై రెండయ్యాయి. పిల్లలకి అనుమానం రాకుండా ఆయన రాత కూడా నేర్చుకుంది. నిటారుగా, కంచె కర్రలు పాతినట్టుండే అక్షరాలు. మొదట్లో ఆయన రాత చూసి రాసేది. తర్వాత చూడకుండా రాసేది. ఇప్పుడు పాలవాడికి చీటీ రాసినా కంచె కర్రలే పడతాయి.

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, ఉతికిన బట్టలు మడత పెట్టకముందు, ఓ రెండు గంటలు దొరుకుతాయి. ఆ రెండు గంటల్లో దిద్దాలి. కట్ట సగంలో ఉండగా అత్తగారి కునుకు పూర్తవుతుంది, టీ పెట్టాలి. సాయంత్రం మాస్టారు వచ్చి కట్ట బరువు చేత్తో తూచి, "అయిపోయాయా?" అంటాడు. అత్తగారు ఎదురింటావిడతో, "మా మాస్టారికి ఆదివారం కూడా విశ్రాంతి లేదమ్మా, ఎప్పుడూ కాగితాలే," అంటారు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. కాగితాలు ఎప్పుడూ ఆ ఇంట్లోనే ఉంటాయి మరి.

దిద్దడమే కాదు, మాస్టారికి పేరు తెచ్చిపెట్టిన 'మూడు మెట్లు' కూడా వంటింట్లోనే పుట్టాయి. పాఠం చదివి జవాబు రాయమంటే పిల్లలు తోచిందల్లా రాసిపారేస్తున్నారని ఒకరోజు ఆయన విసుక్కుంటుంటే, కూర కలుపుతూ ఆమె అంది: "అత్తయ్యగారు 'పాలు విరిగాయి, నువ్వే విరగ్గొట్టావు' అంటారు చూడండి, అలా రాస్తున్నారన్నమాట. ముందు ఒక మాట అనమనండి. ఆ మాటకి పాఠంలో సాక్ష్యం చూపించమనండి. అది సాక్ష్యం ఎలా అయిందో విప్పి చెప్పమనండి. మూడూ ఉంటేనే మార్కులు." అత్తగారు పక్కగదిలో ఉన్నారు కాబట్టి గొంతు తగ్గించే అంది. మర్నాటికల్లా అది బళ్ళో గోడకి తగిలించిన అట్టమీదికెక్కింది. మాట, సాక్ష్యం, వివరణ. బడి పెద్దమేడమ్, తనిఖీకి వచ్చినవాళ్ళందరికీ ఆ అట్ట చూపించి, "మా మాస్టారి పద్ధతి," అని చెప్పేది. విరిగిన పాల సంగతి ఎవరికీ తెలీదు.

తర్వాత పాఠాలు కూడా రాయమన్నాడు. పుస్తకంలో పాఠాలకైతే గైడ్లలో జవాబులు దొరుకుతున్నాయట. "నీకు కబుర్లు చెప్పడం వచ్చుగా, పదేసి వాక్యాలు గిలికి పారెయ్," అన్నాడు. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా ఒక పాఠం అయిపోయేది. నిజం చెప్పాలంటే ఆ మూడు కూతల వేళే రోజు మొత్తంలో ఆమెకి ఇష్టమైన వేళ. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇష్టమని తెలిస్తే అది పని కాకుండా పోతుంది. పని కాకపోతే దానికి వేళ దొరకదు.

ఆ రోజు రొట్టెలు అయ్యాక ఆమె ముందున్నది జవాబు కాగితాల కట్ట కాదు, శనివారం తరగతి నోటుపుస్తకాలు. పరీక్షలో నాలుగు మార్కులు దాటనివాళ్ళు వచ్చే పరీక్షలో గట్టెక్కేదాకా ప్రతి శనివారం కూర్చుని, మాదిరి జవాబుని ఇరవైసార్లు ఎత్తిరాయాలి. మాదిరి జవాబులూ ఆమెవే. ఎత్తిరాసినవి చదవక్కర్లేదు, లెక్క సరిపోయిందో లేదో చూసి అడుగున గీత పెడితే చాలు. మూడు పుస్తకాలకి గీతలు పెట్టింది. నాలుగో పుస్తకం అట్టమీద ముప్పై ఒకటి అని అంకె వేసి ఉంది. మాస్టారు పిల్లల్ని నంబర్లతోనే పిలుస్తాడు, పేర్లు గుర్తుండవట.

తీస్తే మొదటి శనివారం పేజీ తెరుచుకుంది. మొదటిసారి ఎత్తిరాసిన అక్షరాలు కుడివైపుకి బాగా వాలి ఉన్నాయి, ఎదురుగాలిలో నడిచే మనిషిలా. 'ఆ రోజు అమ్మ సంతోషంగా ఉంది. ఎందుకంటే ఆమె నవ్వుతూ వడ్డించింది అని పాఠంలో ఉంది. సంతోషంగా ఉన్నవారే నవ్వుతారు.' అయిదోసారికి వాలు కొద్దిగా తగ్గింది. పదకొండోసారికి ఇంకొంచెం. ఇరవయ్యోసారి చూస్తే అక్షరాలన్నీ నిటారుగా, కంచె కర్రల్లా నిలబడి ఉన్నాయి. మాదిరి జవాబుని చూసి చూసి ఆ పిల్ల మాటల్నే కాదు, రాతని కూడా ఎత్తిరాసేసింది.

ఆమె చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ఈ వాలు రాత తను ఎక్కడో చూసింది. ఎక్కడేముంది, తను దిద్దిన కాగితమే కదా. పరీక్ష కాగితాలు ఏడాది అయ్యేదాకా బీరువా మీద మూటకట్టి ఉంటాయి. స్టూలు వేసుకుని దింపింది. ముప్పై ఒకటో నంబరు కాగితం దొరికింది. మొదటి పేజీ మీద పదికి రెండు. కింద కంచె కర్రల రాతలో, 'ఉన్నది రాయి. లేనిది ఊహించకు.'

పాఠం పేరు 'సెలవు'. ఆమె మూడు కూతల్లో రాసిన పాఠమే.

'ఆదివారం నాన్న ఆలస్యంగా లేచాడు. "ఇవాళ నాకు సెలవు," అన్నాడు. పిల్లలు లేచి, "మాకూ సెలవే," అని గంతులేశారు. నాన్నమ్మ, "నాకు రోజూ సెలవే," అని అందరినీ నవ్వించింది. మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేశారు. అమ్మ నవ్వుతూ వడ్డించింది. సాయంత్రం అందరూ పార్కుకి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఇల్లు అద్దంలా మెరుస్తోంది.'

ప్రశ్న కూడా ఆమెదే: ఆ రోజు అమ్మ ఎలా ఉంది? పాఠం నుంచి సాక్ష్యాలు చూపి రాయండి.

వాలు రాతలో జవాబు ఇలా ఉంది.

'ఆ రోజు అమ్మకి సెలవు లేదు. నాన్న లేచాడని ఉంది, పిల్లలు లేచారని ఉంది. అమ్మ లేచినట్టు లేదు. అందరికంటే ముందు లేచేవాళ్ళు లేవడం ఎవరూ చూడరు కాబట్టి అలా రాసి ఉంటారు. నాన్నకీ పిల్లలకీ నాన్నమ్మకీ మాటలున్నాయి. అమ్మకి ఒక్క మాట కూడా లేదు, నవ్వు మాత్రమే ఉంది. అందరూ కలిసి భోంచేస్తుంటే అమ్మ వడ్డిస్తోంది. అందరూ పార్కుకి వెళ్ళొచ్చేసరికి ఇల్లు మెరుస్తోంది, అంటే ఎవరో ఒకరు వెళ్ళలేదు. కాబట్టి ఈ పాఠంలో "అందరూ" అంటే అమ్మ కాకుండా అని అర్థం. ఈ పాఠం రాసినవారికి ఇదంతా తెలుసు. తెలిసి కూడా పైకి చెప్పలేదు.'

ఆమె స్టూలు మీదే కూర్చుండిపోయింది. మాట ఉంది. సాక్ష్యం ఉంది, ఒకటి కాదు, పాఠంలో ఎన్ని దొరుకుతాయో అన్నీ ఉన్నాయి. వివరణ ఉంది. మూడు మెట్లూ ఆ పిల్ల ఎక్కింది, ఎక్కి ఆ పైనున్న కిటికీలోంచి కూడా చూసింది. తను ఆ రోజు ఏం చేస్తోంది? టీ గిన్నె పొంగబోతుంటే పరిగెత్తి, తిరిగొచ్చి, జవాబులో 'సంతోషం' అన్న మాట కోసం వెతికింది. అది లేదు. రెండు వేసి కాగితం తిప్పేసింది. 'లేనిది ఊహించకు' అని రాసిన ఆ మాట మాత్రం ఎక్కడిది? పెళ్ళయిన మొదటి ఏడు మాస్టారు రెండు రోజులు మాట్లాడకపోతే, ఏమైందండీ అని అడిగినందుకు, "లేనివి ఊహించుకోకు," అన్నాడు. ఆ తర్వాత ఆడపడుచు చురక గురించి చెప్పబోతే అదే మాట. నిద్ర పట్టడం లేదంటే అదే మాట. ఎన్నిసార్లు విందో ఏమో, అరిగిపోయిన ఆ మాటనే తీసుకెళ్ళి పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన పెట్టింది, అదీ ఎర్రసిరాతో.

పోనీ, పాఠం రాసినప్పుడు తనకి నిజంగా తెలుసా? ఇల్లు అద్దంలా మెరుస్తోందని రాసినప్పుడు, ముగింపు బాగా కుదిరిందని మురిసిందే తప్ప, ఆ అద్దం తుడిచిందెవరని తట్టలేదు. నలభై రెండు మంది చదివారు. మాస్టారు చదివి, "బాగుంది, చల్లని సంసారం," అన్నాడు. మూటలో ఇంకో కాగితం కోసం వెతికింది, చూడకపోతే బాగుండునని అనుకుంటూనే. పదిహేడో నంబరు. ఆమె కూతురు. 'అమ్మ సంతోషంగా ఉంది. నవ్వింది కాబట్టి.' పదికి తొమ్మిది. ఒక మార్కు వివరణ చిన్నదిగా ఉందని తగ్గించింది, సొంత కూతురని పక్షపాతం చూపించకూడదు కదా.

కూతురు బడి నుంచి రాగానే సంచీ దింపుకోనివ్వకుండా అడిగింది. "మీ క్లాసులో ముప్పై ఒకటి ఎలాంటిదే?"

"దర్జీ ఆంటీ కూతురమ్మా. ఇదివరకు తెగ వాగేది. ప్రతి శనివారం లైబ్రరీలో రెండు పుస్తకాలు తీసుకునేది, మాకెవ్వరికీ దొరకనిచ్చేది కాదు. ఇప్పుడు లైబ్రరీ పీరియడ్‌లోనే వాళ్ళకి ఆ శనివారం క్లాసు. నాన్న పాఠం చదివి ఎవరైనా చెప్పండంటే ఇదివరకు చెయ్యి దించేది కాదు, ఇప్పుడు అసలు ఎత్తదు." కూతురు బిస్కెట్ కొరికి, "బాగుపడిందిలే," అంది. ఆ మాట కూడా ఎక్కడో విన్నట్టే ఉంది.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ భోజనానికి కూర్చున్నాక చెప్పింది. "ముప్పై ఒకటో నంబరు మార్కులు మార్చాలండీ. నేను తప్పు దిద్దాను."

ఆయన ముందు వీధి తలుపు వైపు చూశాడు. "మెల్లిగా. నువ్వు దిద్దడమేంటి? సంతకం నాది."

"అదే అంటున్నాను. ఆ పిల్ల రాసిందే సరైన జవాబు. ఒకసారి చదవండి."

కాగితం ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో తింటూ చదివాడు. "తెలివైనదే. కానీ పాఠం రాసినవాళ్ళ ఉద్దేశం ఇది కాదు కదా?"

"రాసింది ఎవరండీ?"

"నువ్వే. అందుకే అడుగుతున్నా." కాగితం కంచం పక్కన పెట్టాడు. "నీ ఉద్దేశం అదేనా? చెప్పు. ఆ అమ్మ సంతోషంగా లేదా?"

అత్తగారు ముద్ద కలపడం ఆపారు. కూతురు తల ఎత్తింది. ముగ్గురూ ఆమె వైపే చూశారు. ఇన్నేళ్ళలో ఆమెని ఎవరైనా అంత సూటిగా అడిగిన ప్రశ్న అది ఒక్కటే. పైగా అడగడం కూడా ఆమె గురించి కాదు, పాఠంలో అమ్మ గురించి. ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా ముఖం అలవాటు ప్రకారం తన పని తాను చేసేసింది. నవ్వింది.

"చూశావా," అన్నాడు మాస్టారు. కూర కొంచెం వేయమన్నాడు. కంచం సగమయ్యాక జాలిపడ్డట్టు, "మార్కు మార్చాలంటే ఫారం నింపాలోయ్. దిద్దినవారి పేరు, కారణం, పెద్దమేడమ్ సంతకం. ఏమని రాయను, మా ఆవిడకి మనసు మారిందనా? వచ్చే పరీక్షలో ఆ పిల్లకి పదికి పది వేసుకో, ఎవరొద్దన్నారు? నీ చేతిలో పనేగా," అన్నాడు.

"దర్జీ కూతురి మీద అంత బెంగెందుకే నీకు?" అన్నారు అత్తగారు. "నీ కూతురికి తొమ్మిది వచ్చాయిగా."

మూడు రోజులు ఆమెకి ఆ సలహా బాగానే ఉన్నట్టు అనిపించింది. నిజమే, తన చేతిలో పనే. చడీచప్పుడు లేకుండా పది వేసేస్తే పిల్ల శనివారం తరగతి నుంచి బయటపడుతుంది, మాస్టారి పరువు దక్కుతుంది, కూర చల్లారదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో సర్దుబాట్లన్నీ ఇలాగే చేసింది, ఎవరికీ తెలియకుండా, ఎవరి నిద్రా చెడకుండా. కాకపోతే ఆ పిల్లతో ఒక మాట చెప్పి ఉంచితే చాలు, నీకు తోచిందే రాయి అని.

శనివారం మాస్టారు పొద్దున్నే షటిల్‌కి వెళ్ళి అట్నుంచటే బడికి పోతాడు. క్యారేజీ ఆమే తీసుకెళ్ళాలి. స్టాఫ్ రూము బల్ల మీద క్యారేజీ పెట్టి, వరండా చివరి గదికి వెళ్ళింది. తొమ్మిది మంది పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు. గదిలో పెద్దవాళ్ళెవరూ లేరు, ఎత్తిరాయడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన కూర్చున్నది ముప్పై ఒకటో నంబరని పుస్తకం అట్ట చూసి పోల్చుకుంది. ముంజేతికి వాళ్ళమ్మ టేపు చుట్టుకుని ఉంది, దర్జీ కొలతల టేపు.

పక్కన బెంచీ చివర కూర్చుని పాత కాగితం ముందు పెట్టింది. "ఇది నువ్వు రాసిందేనా అమ్మా?"

ఆ పిల్ల కాగితాన్ని చూసి గాభరాగా చుట్టూ చూసింది. "మళ్ళీ రాయమన్నారా ఆంటీ? ఇప్పుడు సరిగ్గానే రాస్తున్నాగా. పోయినవారం పాఠానికి తొమ్మిది వచ్చాయి."

"రాయమనడానికి రాలేదు. బాగా రాశావని చెప్పడానికి వచ్చాను. ఆ పాఠం రాసింది నేను."

"మీరా?" కళ్ళు పెద్దవయ్యాయి. "మాస్టారు కదా?"

"కాదు. నేనే."

ఆ పిల్ల ఆమె ముఖంలోకి, తర్వాత సిరా మరక ఉన్న వేలి వైపు చూసింది. పిల్లలకి లెక్కలు తొందరగా కుదురుతాయి. "అయితే రెండు వేసింది కూడా..."

"నేనే."

ఆ పిల్ల మళ్ళీ కాగితం వైపు చూసింది. కోపం వస్తే బాగుండునని ఆమె ఎదురుచూసింది. రాలేదు. "వచ్చే పరీక్షలో నీకు తోచిందే రాయి తల్లీ. పదికి పది నేను వేస్తాను," అంది తొందరగా.

"వద్దులెండి ఆంటీ." ఆ పిల్ల మర్యాదగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని టీ వద్దన్నట్టు అంది. "మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు తెలిసిపోయింది. ప్రశ్న చూసి, దానికి సరిపోయే వాక్యం ఒక్కటి వెతుక్కోవాలి. మిగతా వాక్యాలు చదవకూడదు. చదివితే ఏవేవో కనిపిస్తాయి. ఇప్పుడు చదవడం లేదు, అందుకే తొమ్మిది వస్తున్నాయి." కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచుకోండి. మాస్టారు చూస్తే మిమ్మల్ని ఏమైనా అంటారేమో."

తలవంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఒక్కటి కూడా వాలలేదు.

ఆమె వరండాలోకి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. పది వేయడానికి ఇక మిగిలిందేమీ లేదు. పిల్లకి కావాల్సింది మార్కు కాదు. నువ్వు చూసింది అక్కడ నిజంగానే ఉంది అని ఎవరైనా నలుగురిలో చెప్పడం కావాలి, దొంగచాటుగా కాదు. ఆ చెప్పగలిగిన మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే ఉంది, ఆవిడ పేరేమో ఏ కాగితం మీదా లేదు. ఎదురుగా ఆఫీసు గది తలుపు తీసి ఉంది. ఇంటికెళ్ళి ఆలోచిద్దామనుకుంది. ఇంటికెళ్తే బట్టలు మడతపెట్టాలి.

గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఏంటండీ, మాస్టారికి క్యారేజీయా? స్టాఫ్ రూములో పెట్టేయండి," అన్నాడు.

"పెట్టానండీ. మార్కులు మార్చే ఫారం కావాలి."

"మాస్టారు పంపించారా?"

"లేదు."

ఆయన ఫారం ఇచ్చి, తన పనిలో పడ్డట్టు నటిస్తూ చూస్తూ ఉన్నాడు. తరగతి, ఏడు. నంబరు, ముప్పై ఒకటి. పాత మార్కు, రెండు. కొత్త మార్కు, పది. దిద్దినవారి పేరు అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. ఆ గడిలో తన పేరు రాసింది. పెళ్ళి నాటి నుంచి వాడక పక్కన పడి ఉన్న పేరు.

గుమాస్తా మెడ సాచి చదివాడు. "ఇదెవరండీ?"

"నేనే."

"అచ్చం మాస్టారి రాతలా ఉందే!"

"ఏడో తరగతికి తెలిసిన మాస్టారి రాత ఇదేనండీ," అంది. నవ్వు రాలేదు. రాకపోవడం ఆమె గమనించింది.

కిటికీలోంచి మాస్టారు రాకెట్టు ఊపుకుంటూ గేటులోకి రావడం కనిపించింది. గుమాస్తా ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి, "కారణం గడి వదిలేశారమ్మా. అదుంటే గానీ మేడమ్ సంతకం పెట్టరు. చిన్నది, రెండు వాక్యాలు పడతాయంతే. ఆలోచించుకుని సోమవారం తెచ్చినా..." అన్నాడు.

ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని ఆ గడిలో రాసింది: 'పాఠం రాసింది నేను. దాన్ని చదివింది మాత్రం ఈ అమ్మాయి ఒక్కతే.'